మిలోర్ కరవని మనిషి

1967లో నేను, మా తాతలు చెరుకు కూలీలుగా వలస వచ్చిన దీవిలో, సాంత్ర్ ద ఫ్లాక్ అనే ఊళ్లో పశువుల డిస్పెన్సరీలో స్టాక్‌మన్‌గా పనిచేస్తున్నాను. స్టాక్‌మన్ అంటే డాక్టరు కాదు, డాక్టరు సంచి మోసేవాడూ కాదు, మధ్యలో మనిషి. ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టేది మేమే. మేకకు పురుగుల మందు పట్టేదీ మేమే. పోలీసులు కుక్క కరిచిన కేసు పంపితే ఆ కుక్కను చూసి రిపోర్ట్ రాసేదీ మేమే. రిపోర్ట్ అంటే అరపేజీ అభిప్రాయం. ఆ అరపేజీని బట్టి కొన్ని కుక్కలు బతికేవి, కొన్ని నా చేతి ఇంజెక్షన్‌తో పోయేవి.

ఆ ఉద్యోగం మనిషిని అనుమానప్పక్షిని చేస్తుంది. పశువు నోరు విప్పి చెప్పదు, యజమాని నోరు విప్పితే నిజం చెప్పడు. నాలుగు రోజులుగా మేత ముట్టని ఆవును చూపించి "నిన్న కూడా బాగా తిన్నాది" అంటాడు. మా ఆవిడ నన్ను ఎగతాళి చేసేది: "అందరూ పాలలో నీళ్లున్నాయా అని చూస్తారు, నువ్వు నీళ్లలో పాలున్నాయా అని చూసే రకం." నేను దాన్ని పొగడ్త కిందే తీసుకునేవాణ్ణి. నా నోటుబుక్కు కూడా తెలుగులోనే రాసుకునేవాణ్ణి. సాయంకాలం బడిలో నేర్చుకున్న తెలుగు అందుకు పనికొచ్చింది, ఎందుకంటే ఆఫీసులో మరెవరికీ ఆ లిపి చదవడం రాదు.

అయితే ఆ ఏడాది నన్ను మించిన అనుమానస్తులు ఊరి నిండా తయారయ్యారు. ఎన్నికలు వస్తున్నాయి. దేశానికి స్వాతంత్ర్యం కావాలా, వద్దా అనేది వాటితోనే తేలుతుంది. ఎవరు ఎవరి గుమ్మం ఎక్కారు, ఎవరు ఏ లారీలో మీటింగుకి పోయారు అని కిటికీల వెనకనుంచి చూసేవాళ్లు. పక్కింటివాడు "బోంజూర్" అంటే ఏ ఉద్దేశంతో అన్నాడో అని ఆలోచించే రోజులు.

ఆ రోజుల్లోనే కాన్‌స్టేబుల్ గాస్తోన్ సైకిలు దిగి నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"నర్సయ్య టైలరు ఇంటి కుక్క. నెలలో ముగ్గుర్ని కరిచింది, ముగ్గుర్నీ గుమ్మం దగ్గరే. శనివారం లోపల రిపోర్ట్ ఇవ్వు. ప్రమాదం అని రాస్తే సోమవారం పొద్దున్నే తెచ్చి నీకే అప్పజెబుతా."

నర్సయ్యను మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎరగనివాడు లేడు. వరండాలో కుట్టుమిషను, దాని వెనక తలుపు, తలుపు దాటితే ముందుగది. ఆ గదిలో శనివారం పొద్దు వాలేవేళ రామభజన. ఆయన తండ్రి కాలంనుంచీ జరుగుతున్నదే. చేతి తాళాలు, మృదంగం, ఒక పాత హార్మోనియం, పదిహేను ఇరవై మంది మనుషులు. ఇంట్లో క్రియోల్ తప్ప మరో మాట పలకని పిల్లలకు కూడా ఆ పాటలు నోటికొచ్చేవి. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గరే కుక్క కరుస్తోంది. వచ్చేవాళ్లు సగానికి తగ్గారు.

కుక్కను నర్సయ్యే తెచ్చాడు. అంతకు ముందు ఏడాది, కోతకు ముందు చెరుకు తగలబెట్టిన చేనులో, విరిగిన కాలితో దొరికింది. కట్టు కట్టింది నేనే. ఎస్టేట్ కూలీల క్యాంపులో ఎవరూ పట్టించుకోకుండా పెరిగిన కుక్క. పాపం, ఒంటినిండా పాత గాయాలు. కట్టు విప్పాక అది ఒక కాలు కాస్త ఎత్తి, తల నిక్కించి నడిచేది. ఆ నడక చూసి నర్సయ్య భార్య అప్పలమ్మ "మిలోర్" అని పిలిచింది. మిలోర్ అంటే మా క్రియోల్‌లో దొరగారు అన్నట్టు. ఆ పేరే తర్వాత కొంప ముంచబోయింది.

రిపోర్టుకు ముందు కరిపించుకున్నవాళ్లను అడగడం మా పద్ధతి. మొదటివాడు వెంకన్న, నర్సయ్యకు సొంత బావమరిది, ఎస్టేట్ ఆఫీసులో గుమాస్తా. మోచేతి కింద నాలుగు పళ్ల గాట్లు. అతని మాటలు సగం క్రియోల్, సగం తెలుగు. చదివేవాళ్ల సౌకర్యం కోసం క్రియోల్ తగ్గించి రాస్తున్నాను.

"నీకు ఇంకా తెలీదా అన్నా? మా బావ మనసు మారిపోనాది. స్వాతంత్ర్యం వద్దనేవోళ్లవైపు ఎల్లిపోనాడు. కుక్క పేరు చూసినావా? దొరగారంట!"

"పేరుకీ కరవడానికీ ఏం సంబంధం?"

"ఎవర్ని కరిచిందో చూడు. నన్ను కరిచింది, మా తెలుగు మేష్టార్ని కరిచింది, మృదంగం వాయించే కుర్రోణ్ణి కరిచింది. ముగ్గురం స్వాతంత్ర్యానికి ఓటెయ్యమని ఇల్లిల్లూ తిరుగుతున్నోళ్లమే. చీనా కొట్టు యజమాని వస్తే కరవదు. చేపలు పట్టే క్రియోల్ వాళ్లు పాంట్లు కుట్టించుకోడానికి వస్తే తోకాడిస్తాది. అలోర్, అది ఊరికే జరుగుతాదా?"

అలోర్ అంటే మరి అన్నమాట. నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకున్నాను.

వెంకన్న గొంతు తగ్గించాడు. "భజనోళ్లలో అది కరవనోడు ఒక్కడున్నాడు. పైడయ్య తాత. ఆయన మనవడు అటు పార్టీ లారీ తోలతాడు. ఇంకేటి చెప్పాలి?"

పైడయ్య తాత చెరుకు కొట్టి కొట్టి నడుం వంగిన మనిషి. భజనలో తాళాలు ఆయనవే. ఆయన పేరు కూడా నోటుబుక్కులోకి ఎక్కించాను.

మర్నాడు నర్సయ్య ఇంటికి వెళ్లాను. దారిలో ఒక గొడ్లసావిడి పని ఉండడంతో కాళ్లకు గమ్ బూట్లున్నాయి. పేడ బూట్లతో లోపలికి వెళ్లలేక వరండాలోనే నిలబడ్డాను. మిలోర్ మిషను పక్కన గోనెపట్టా మీద పడుకుని ఉంది. నేను వరండా అరుగు మీద కూర్చోగానే లేచి వచ్చి బూట్లు వాసన చూసి, ముందుకాళ్లు నా ఒళ్లో పెట్టింది. చెవులు చూశాను, పళ్లు చూశాను, పాత విరుగుడు నొక్కి చూశాను. నొప్పి ఉన్న కుక్క కరుస్తుంది, జ్వరం ఉన్న కుక్క కరుస్తుంది. దీనికి రెండూ లేవు. నా చేతిలో తల పెట్టి కళ్లు మూసుకుంది. ఇంత సాధువైన కుక్క మనుషుల్ని ఎంచి ఎంచి కరుస్తోందంటే వెనక ఎవరో ఉన్నారన్నమాటే.

నర్సయ్య నా మొహం చూసే కనిపెట్టాడు.

"అప్పన్నా, నువ్వు కూడా ఆల్లలాగే చూస్తున్నావా? నా చేతిలో కత్తెరుంటే బట్ట కత్తిరిస్తాను గాని, కుక్కని మనుషుల మీదికి ఉసిగొల్పుతానా?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. ఉసిగొల్పడం అనే మాట నేను ఎత్తనే లేదు మరి! అప్పటినుంచీ ఆయన చేతుల మీదినుంచి చూపు తియ్యలేదు. బట్ట లేకపోయినా కత్తెర టకటకలాడించే అలవాటు ఆయనకుంది. అదీ రాసుకున్నాను.

శనివారం నర్సయ్య ఇంటికి ఎదురుగా ఉన్న చీనా కొట్టులో టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాను. దొంగను కాపు కాసే పోలీసులా చూశానని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ముందు పైడయ్య తాత వచ్చాడు. గేటు దాటాడు, వరండా ఎక్కాడు, నేరుగా లోపలికి నడిచాడు. కుక్క తోకాడిస్తూ లేచి ఆయన పాదాలు నాకింది. "పైడయ్య పాదాలు నాకెను. బాగా మాలిమి" అని రాసుకున్నాను. ఆ వెనక రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, చెప్పులు విదిలించి లోపలికి పోయారు. కుక్క తలెత్తలేదు. తర్వాత తెలుగు మేష్టారు వచ్చాడు. తలుపు దగ్గర ఆగాడు. లోపలినుంచి తాత దగ్గు వినిపించింది. నర్సయ్య కత్తెర టక్కుమంది. మిలోర్ ఒక్క ఉదుటున మేష్టారి మీదికి లేచింది. ఈసారి కట్టేసి ఉంది గనక గొలుసు పట్టేసింది, లేకపోతే నాలుగో గాటు పడేదే.

చాలు, నాకు దొరికిపోయింది. దగ్గు ఒక సైగ, కత్తెర ఒక సైగ. ఆ సాయంత్రమే రిపోర్ట్ రాసిచ్చాను: కుక్కకు జబ్బు లేదు, మనుషుల మీదికి వెళ్లేలా అలవాటు చేసినట్టుంది, యజమానితో పాటు పైడయ్య అనే వ్యక్తిని కూడా విచారించాలి, కుక్క ఇంట్లో ఉండడం ప్రమాదం. మళ్లీ చదువుకోకుండానే సంతకం పెట్టాను. గాస్తోన్ ఆ రాత్రే పైడయ్య తాత ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబెట్టి, ఇరుగుపొరుగు వింటుండగా ప్రశ్నలడిగాడు. ఇకమీదట భజనకు రావద్దని వెంకన్న కబురు పంపాడు.

మర్నాడు ఆదివారం. చుట్టాలింట్లో బారసాలకు వెళ్లి వస్తూ నర్సయ్య ఇంటి ముందు సైకిలు ఆపాను. ఎంతయినా తెలిసినవాడు. రేపు కుక్కను తీసుకుపోతారని ముందుగా చెప్పడం మర్యాద అనిపించింది. నర్సయ్య దారం కొనడానికి బజారుకు వెళ్లాడు. అప్పలమ్మ అత్త ఒక్కతే వెనక వంటింట్లో ఉంది. కుక్క గొలుసు విప్పి ఉంది.

"ఆయన ఇప్పుడే వచ్చెస్తాడు. లోపలికి రా అబ్బాయ్, టీ తాగి ఎల్లు" అని అక్కడినుంచే కేకేసింది.

కుక్క నన్ను చూసి తోక ఆడించింది. నేను తలుపు దగ్గరికి వెళ్లి, బారసాలకని వేసుకున్న నల్లబూట్ల తాళ్లు విప్పడానికి వంగాను.

అంతే. ఎడమచేతి మణికట్టు దాని నోట్లో ఉంది.

కేక వేసి వెనక్కి పడ్డాను. అది వెంటనే వదిలేసింది. వదిలేసి పారిపోలేదు. మిషనుకూ గోడకూ మధ్య సందులో ఇరుక్కుని, తోక కాళ్ల మధ్య దూర్చి, ఒళ్లంతా వణుకుతూ నన్నే చూస్తోంది. మీద పడి కరిచే కుక్కలను నేను చాలా చూశాను. అవి కరిచాక అలా వణకవు. ఇది నన్ను కరిచి, నేనేం చేస్తానో అని చచ్చేంత భయపడుతోంది.

దగ్గడానికి పైడయ్య తాత అక్కడ లేడు. కత్తెర బల్ల మీద ఊరికే పడి ఉంది.

అప్పలమ్మ అత్త పరుగెత్తుకొచ్చింది. "ఆయో! ఏటయింది? నిన్ను కూడానా?"

"అత్తా, నువ్వు ఇక్కడ వంగినప్పుడు ఇది ఏం చేస్తుంది?"

"నేనెందుకు వంగుతాను?"

"ఊడుస్తావు కదా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "చీపురు ముట్టుకుంటే పెరట్లోకి పారిపోతాది. సోమరిపోతు, దుమ్ము పడదు కామోసు అనుకున్నాను."

వీధికుక్క వెంటబడితే ఏం చేస్తాం? ఒట్టి చేత్తోనే నేలకు వంగుతాం, అది పారిపోతుంది. ఇది పసివాడికి కూడా తెలుసు. మా చెరుకు చేలల్లో రాళ్లకు కొదవేం ఉంది, గట్లన్నీ రాళ్ల గుట్టలే. వంగితే చాలు, చేతికో రాయి. క్యాంపులో ఈ కుక్క కాలు విరిగింది అలాగే. పెరట్లోకి దారి ఉంటే పారిపోతుంది. వంగిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, వెనక గోడ ఉంటే, ఇక అది కరవక ఏం చేస్తుంది?

చెప్పులు విడవడం మనకు భక్తి, మర్యాద. దాన్ని వంగడంగా మేమెవరం ఏనాడూ చూడలేదు. చీనావాడు, చేపలవాళ్లు వరండాలోనే ఆగిపోతారు, చెప్పులు విప్పరు. రబ్బరు చెప్పులవాళ్లు వంగరు. గమ్ బూట్లతో నేనూ వంగలేదు. మరి ఏడాదిగా కరవనిది ఈ నెలే ఎందుకు? దానికి కూడా జవాబు దొరికింది. ఓట్లకు తిరిగే పెద్దమనుషులంతా ఈ నెలలోనే తాళ్ల బూట్లు కొనుక్కున్నారు. వెంకన్న అనుమానించినట్టు ఎన్నికల సంబంధం ఉన్న మాట నిజమే, బూట్ల వరకు.

చేతికి అయోడిన్ పూసి గుడ్డ చుట్టుకుని నేరుగా పోలీస్ స్టేషనుకు తొక్కాను.

గాస్తోన్ నా చెయ్యి చూసి పగలబడి నవ్వాడు. "నిన్ను కూడా కరిచిందా? మంచిది, రేపటిదాకా ఆగడం దేనికి?"

"ఆ రిపోర్ట్ తప్పు. వెనక్కి తీసుకుంటాను."

నవ్వు ఆగిపోయింది. "నిన్న చంపమన్నావు, ఇవాళ కరిపించుకుని వద్దంటున్నావు. టైలరు నీకు కొత్త ప్యాంటు కుట్టిచ్చాడా?"

నా మందు నాకే తాగించినట్టయింది. ఎంత చెప్పినా అతని కళ్లలో నమ్మకం కనపడలేదు. చివరికి, "రేపు వస్తావు కదా, నీ కళ్లతో చూడు. నేను చెప్పింది అబద్ధమైతే అక్కడే నా సంచిలోంచి ఇంజెక్షన్ తీస్తాను" అన్నాను. ఆ మాట అనడం తేలికే. ఇంటికి వెళ్లి సంచిలో ఆ ఇంజెక్షన్ సర్దుకున్నాను.

సోమవారం పొద్దున కుక్కను తీసుకుపోతారని తెలిసి పదిమంది పోగయ్యారు. వెంకన్న అందరికంటే ముందున్నాడు. నర్సయ్య కుక్క గొలుసు రెండు చేతులా పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నన్ను పలకరించలేదు. నా రిపోర్టులో ఏముందో ఆయనకు తెలిసిపోయింది.

గాస్తోన్ పోలీసు బూట్లు టకటకలాడించుకుంటూ వరండా ఎక్కాడు. కుక్క చూసి ఊరుకుంది. లాఠీ ఊపాడు, ఊరుకుంది. "ఇప్పుడు బూటు తాడు ముట్టుకో" అన్నాను. వంగాడు. మిలోర్ గొలుసు తెగేలా లేచింది. గాస్తోన్ నిటారుగా నిలబడ్డాడు, అది ఆగిపోయింది. మళ్లీ వంగాడు, మళ్లీ లేచింది. మూడోసారి కూడా వంగబోతుంటే నేనే అరిచాను, "చాలు, దాన్ని ఏడిపించకు" అని.

"పోలీసోడిని చూస్తే ఏ కుక్కయినా లేస్తాది" అన్నాడు వెంకన్న.

"వెంకన్నా, ఆ బూట్లు ఎప్పుడు కొన్నావు?"

"అదెందుకు?"

"ఎప్పుడు కొన్నావు?"

అతను తన కాళ్లవైపు చూసుకున్నాడు. మేష్టారూ తన కాళ్లు చూసుకున్నాడు. అక్కడున్న అందరూ ఒకరి కాళ్లు ఒకరు చూడ్డం మొదలెట్టారు. అప్పుడు అప్పలమ్మ అత్త మెల్లగా అంది: "పైడయ్య తాతకి చెప్పులే లేవు కదా."

అందరికంటే ముందున్న వెంకన్న గుంపు వెనక్కి జరిగాడు.

గాస్తోన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు నెలలు గడువిచ్చాడు. కుక్క గొలుసు మీద ఉండాలి, ఇంకొక్క గాటు పడితే మాటల్లేవు. గేటు పక్కన, కుక్క కంటికి ఆనని చోట, నర్సయ్య ఒక బల్ల వేశాడు. వచ్చినవాళ్లు అక్కడే కూర్చుని చెప్పులు విడిచి లోపలికి రావాలి. ఇక కుక్క సంగతి. నర్సయ్య దానికి దూరంగా, వాకిట్లో నిలబడి, ఒకసారి వంగి ఒక రొట్టె ముక్క వేసేవాడు. రోజూ ఒక అడుగు దగ్గరగా. దీనికి పుస్తకాల్లో ఏ పేరుందో అప్పట్లో నాకు తెలియదు. వంగిన చేతిలో రాయి కాదు, రొట్టె ఉంటుందని దానికి తెలియాలి, అంతే. అది గుర్రుమంటే మర్నాడు మళ్లీ వెనక అడుగునుంచి మొదలు. నేను వారానికి రెండుసార్లు వెళ్లి వంగేవాణ్ణి. రెండో నెల చివర్లో మిలోర్ నేను వంగగానే తోకాడించి నా వేళ్ల మధ్య వెతికింది.

కానీ అంతకు ముందే, ఆ సోమవారం సాయంత్రమే, నేను చెయ్యాల్సిన పని ఒకటుంది. పైడయ్య తాత ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో కొడవలి నూరుకుంటున్నాడు. లేవలేదు. జరిగిందంతా చెప్పాను. పోలీసు రావడానికి నా రిపోర్టే కారణమని కూడా చెప్పాను.

"మా మనవడు తోలిన లారీ నేను ఎక్కినాను. చెరుకు కోతకి ఎక్కినాను" అన్నాడు.

"తప్పయింది తాతా. నీకు చెప్పులు లేవు గనక నువ్వు వంగలేదు, అందుకే అది నిన్ను కరవలేదు. ఇప్పుడు అందరికీ తెలిసింది."

ఆయన కొడవలి నూరడం ఆపాడు.

"ముప్పయ్యేళ్లు ఆల్లతో ఒక్క చాప మీద కూకున్నాను అబ్బాయ్. నాకు చెప్పులు లేవని ఆల్లకి కుక్క చెప్పాలా?"

నేను సైకిలు తిప్పుకుని వచ్చేశాను.

రెండు శనివారాలు ఆయన రాలేదు. మూడో వారం నర్సయ్యే మిలోర్‌ను తాడుతో నడిపించుకుంటూ ఆ ఇంటికి వెళ్లి, వాకిట్లో నేల మీద కూర్చున్నాడట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం తాళాలు మళ్లీ మోగాయి. వెంకన్న కొత్త చెప్పుల జత తెచ్చి ఆయన ముందు పెట్టాడు. తాత కాదనలేదు, తొడుక్కోనూ లేదు. మరుసటి ఏడాది మార్చిలో స్వాతంత్ర్యం వచ్చి ఊరంతా జెండాలు కట్టినప్పుడు కూడా అవి గేటు పక్క బల్ల కిందే ఉన్నాయి. ఆయన వాటిని దాటుకుని ఎప్పటిలాగే నేరుగా లోపలికి నడిచేవాడు. మిలోర్ లేచి పాదాలు నాకేది.

ఆ తర్వాత ఎన్నో కుక్కల కేసులు చూశాను. కరిపించుకున్నవాడిని అడిగే మొదటి ప్రశ్న మార్చుకున్నాను. నువ్వెవరు, నీకెవరంటే పడదు అని కాదు, ఆ క్షణాన నీ చేతులు, కాళ్లు ఏం చేస్తున్నాయి అని. కుక్క కరవనివాళ్లను కూడా పిలిచి అదే అడుగుతాను, వాళ్లలో దోషిని వెతకడానికి కాదు. ఆనాటి నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో పైడయ్య మనవడి లారీ ఉంది, నర్సయ్య కత్తెర ఉంది, తాత దగ్గు ఉంది. "పైడయ్య పాదాలు నాకెను" అని కూడా ఉంది. పాదాలు అని రాసిన నా చేతికి, వాటికి చెప్పుల్లేవని రాయాలని తోచలేదు.